యాభై రెండు కిలోల ఇసుక

ఎర్రబోరు గంగే జీపును చచ్చిపోయిన అన్న తోలుతాడని ఒక మాట ఉంది. అది కుంట సంతలో పుట్టిందో సుక్మా బస్టాండులో పుట్టిందో తెలియదు గానీ, మూడేళ్లుగా ఎక్కడ పందెం జరిగినా గంగే కంటే ముందే అక్కడికి చేరుకుంటోంది. ఎడమ సీట్లో ఎవరో తల వంచుకుని కూర్చుని ఉంటారంట. జెండా పడగానే ఆ మనిషి చెయ్యి చాచి స్టీరింగు పట్టుకుంటాడంట. ఆ తర్వాత ఆ జీపును అందుకోవడం ఎవరి తరమూ కాదంట. కళ్లారా చూశామనేవాళ్లు ప్రతిచోటా ఒకరిద్దరు దొరుకుతారు.

ఆ సీట్లో ఉండేది గోనెసంచి అని గంగే ఎవరికీ చెప్పలేదు. అడిగితే చెప్పేదే. ఎవరూ ఆమెను అడగలేదు, ఒకరినొకరే అడిగారు.

గంగేకు ముప్ఫై నిండి ఏడాది దాటింది. చదువు ఏడో తరగతిలో ఆగిపోయింది. కొత్తవాళ్లు పలకరిస్తే ముందు తన కాళ్లు చూసుకుని, ఆ తర్వాత జవాబు చెబుతుంది. ఏడాదిలో ఎక్కువ నెలలు ఊళ్లో అందరి లాగే ఆమెకూ వరి, చింతపండు, ఇప్పపువ్వు, తునికాకు. చలి తగ్గి, నదులు సన్నబడి, ఇసుక బయటపడ్డాక మాత్రం ఆమె కాలు ఇంట్లో నిలవదు. ఆ రోజుల్లో శబరి ఒడ్డున కుంట దగ్గర, ఇంద్రావతి ఒడ్డున జగదల్‌పూర్ అవతల, మళ్లీ అదే ఇంద్రావతి మీద ఎక్కడో కింద భోపాలపట్నం దగ్గర పాత జీపుల పందేలు పెడతారు. ఇసుకలో సున్నంతో రెండు వందల మీటర్ల పట్టీ గీస్తారు. రెండు జీపులు పక్కపక్కన నిలబడతాయి. జెండా పడుతుంది. పన్నెండు అంకెలు లెక్కపెట్టేలోపు అంతా అయిపోతుంది. ఆ పన్నెండు అంకెల కోసం దాదాపు మూడు వందల కిలోమీటర్లు పోవడం, మళ్లీ అంత దూరం తిరిగి రావడం.

ఆ జీపును కట్టింది మంగల్. గంగేకు అన్న, ఆమె దాదా అని పిలిచేది. కుంటలో రామలింగం షెడ్డులో పదేళ్లు మెకానిక్కుగా చేశాడు. ఎవరో వదిలేసిపోయిన పాత జీపు ఒకటి షెడ్డు వెనక తీగలల్లుకుని పడి ఉంటే, నీకు ఓపికుంటే తీసుకోమన్నాడు రామలింగం. మంగల్‌కు ఓపిక తప్ప ఇంకేం లేదు. రెండేళ్లు పట్టింది. బోల్తా పడిన పెద్ద బండి ఇంజను తెచ్చి అందులో దించాడు. ఇంజను పొడవై బానెట్ మూతపడలేదు. మూత తీసి అవతల పెట్టాడు. బరువు తగ్గాలని తలుపులు తీశాడు, పైకప్పు తీశాడు, వెనక బెంచీలు తీశాడు. చివరికి చట్రం, నాలుగు చక్రాలు, ముందర రెండు సీట్లు, పేగులన్నీ బయటపెట్టుకున్న ఇంజను మిగిలాయి. బట్టలిప్పేసిన జీపును రోడ్డెక్కించడానికి నీకు సిగ్గు లేకపోయినా దానికుండదా అన్నాడు రామలింగం. మంగల్ ఆలోచించి, దానికి ఆకుపచ్చ రంగు వేశాడు.

అన్నకు జావ తీసుకుని గంగే వారానికి రెండు మూడు సార్లు కుంట బస్సెక్కేది. షెడ్డులో బాగైన బండిని రోడ్డు మీద ఒక చుట్టు తిప్పి చూడటం రామలింగం పని. ఆయనకు మోకాలు పట్టేసిన ఏడాది ఆ పని గంగే చేతికి వచ్చింది. ఆయనే పక్కన కూర్చుని నేర్పాడు. ఆమె బండి తోలుతూ పోయి వస్తుంటే మంగల్ రోడ్డు పక్కన కళ్లు మూసుకుని నిలబడి చప్పుడు వినేవాడు. ఏది బిగించాలో ఏది వదులు చెయ్యాలో ఆ చప్పుడును బట్టి చెప్పేవాడు. అతని చెవికి అన్నీ తెలిసేవి.

శబరి ఒడ్డున మొదటి పందేనికి పేరు రాయించబోతే, ఆడమనిషి పేరు రాసుకోం అన్నారు. రూలేం లేదు, అలవాటు లేదు, అంతే. మంగల్ తన పేరు రాయించాడు. ఇద్దరూ హెల్మెట్లు పెట్టుకుని, మెడ చుట్టూ తువ్వాళ్లు కట్టుకుని ఎక్కారు. ఇద్దరూ సన్నని మనుషులే, ఇద్దరివీ షెడ్డు చొక్కాలే. కుడివైపు ఎవరు, ఎడమవైపు ఎవరు అన్నది ఆ దుమ్ములో ఎవరికీ పట్టలేదు. గెలిచాక మైకులో ఎర్రబోరు మంగల్ అని పిలిచారు. మంగల్ దిగిపోయి కప్పు తీసుకున్నాడు. తిరిగొచ్చి దాన్ని స్టీరింగు ముందున్న గంగే ఒళ్లో పెట్టాడు.

"పట్టుకోవే. నాకు బరువుగుంది" అన్నాడు.

అట్లా ఐదేళ్లు నడిచింది. కప్పులన్నీ ఇంట్లో తల్లి లక్కే దగ్గరికి చేరేవి, వాళ్లు అవ్వ అని పిలిచేది ఆమెనే. వచ్చినవాళ్లకల్లా అవ్వ వాటిని తుడిచి చూపించేది, నా కొడుకు తోలి తెచ్చిండు అని చెప్పేది. ఊరంతా అదే అనుకుంది. ఆ మాట వినబడినప్పుడు గంగే పొయ్యిలో కట్టె సర్దుకునేది. ఆమెకు లోపల ఏమీ లేదని కాదు. తన పేరు ఒక్కసారి మైకులో వినాలని ఉండేది. కానీ ఆ మాట చెప్పేటప్పుడు అవ్వ ముఖం చూస్తే ఆ కోరిక చిన్నదిగా కనిపించేది.

పందేల కంటే ఆమెకు ప్రయాణాలంటే ఇష్టం. తెలంగాణ వైపు నుంచి పోతే భోపాలపట్నం దగ్గరే గానీ, ఆ వయసు జీపును పట్టుకుని ఇంకో రాష్ట్రం గేటు దాటాలంటే కాగితాల తిప్పలు. అందుకని ఎప్పుడూ చుట్టుదారే. సుక్మా, దంతెవాడ, గీదం, బీజాపూర్, మద్దేడ్. పైకప్పు లేదు కాబట్టి ఎండ నెత్తిమీదే. ఇంజను వేడి నేరుగా మోకాళ్లకు కొట్టేది. సాల చెట్ల కింద రోడ్డు నీడగా ఉన్నచోట గంగే వేగం తగ్గించేది, ఆ నీడ తొందరగా అయిపోకూడదని. మంగల్ ఎడమ సీట్లో కళ్లు మూసుకుని, గేరు మార్చాల్సిన చోటల్లా వేలితో డాష్‌బోర్డు మీద ఒక దెబ్బ కొట్టేవాడు. కళ్లు తెరవకుండానే ఎక్కడున్నామో చెప్పేవాడు. గీదంలో అక్కడి హల్బీ భాషలో టీ అడిగేవాడు. బీజాపూర్ దాటాక హోటళ్లలో మాట మెల్లగా తెలుగులోకి తిరిగేది. మద్దేడ్‌లో మిరపకాయ బజ్జీల దగ్గర, ఇంకెంత దూరమే అని ప్రతిసారీ అడిగేవాడు. దారి అతనికి తెలియక కాదు. ఆమె చేత దూరం చెప్పించుకోవడం అతనికి సరదా.

ఇంద్రావతి ఒడ్డుకు పోయేముందు భోపాలపట్నంలో మహాలక్ష్మి కొట్టు దగ్గర ఆగేవాళ్లు. ఆమె తెలుగావిడ; చింతపండు, ఇప్పపువ్వు కొంటుంది. కొట్టు ముందర మనిషంత కాటా ఉంటుంది. మంగల్ ప్రతి ఏడూ దానిమీద ఎక్కి నిలబడేవాడు. ప్రతి ఏడూ యాభై రెండే. ఇంత తిరిగినా ఒక్క కిలో పెరగవేంది తమ్ముడూ, నీ చెల్లెలు అన్నం పెట్టదా అనేది మహాలక్ష్మి. పెడతది అక్కా, రోడ్డు మీద రాలిపోతది అనేవాడు.

మూడేళ్ల కింద, వానాకాలం నడుమ, మంగల్ జ్వరంతో పదకొండు రోజులు పడుకున్నాడు. పన్నెండో రోజు లేడు.

వాళ్ల ఊళ్లో పోయినవాళ్లకు రోడ్డు పక్కన రాయి నిలబెడతారు. దానికి సున్నం వేసి, ఆ మనిషి బతుకులో ఏది ఇష్టపడ్డాడో దాన్ని రంగుల్లో గీస్తారు. కొందరి రాళ్ల మీద ఎడ్లు ఉంటాయి, కొందరి మీద డోలు, ఒకరి మీద బస్సు. పక్క ఊరి హడ్మా ఆ పని చేస్తాడు. మంగల్ రాయి మీద ఆకుపచ్చ జీపు గీశాడు. స్టీరింగు ముందు మంగల్, నల్ల కళ్లద్దాలతో, మీసంతో. కళ్లద్దాలు అతనికి లేనే లేవు. ఎడమ సీటు ఖాళీ.

గంగేకు కళ్లద్దాల సంగతి పట్టలేదు. ఆ ఖాళీ సీటే పట్టింది. ఆ రాయి హైవే మీదే ఉంది. ఎటు పోవాలన్నా దాని ముందు నుంచే పోవాలి. జీపులో తన పక్క సీటు ఖాళీ, రాయి మీద కూడా అదే సీటు ఖాళీ. వెతుక్కుందామంటే కనీసం బొమ్మలోనైనా అతను ఉండాల్సిన చోట లేడు.

ఆ ఏడు చలి తగ్గాక ఆమె మొదటిసారి ఒక్కతే పందేనికి పోయింది. బండి తోలడం అన్న నేర్పిండని అవ్వకు చెప్పింది. ఈసారి ఆమె పేరు రాసుకున్నారు, మైకులో మాత్రం అప్పటి నుంచీ మంగల్ జీపు అనే పిలిచేవారు. కాలం కొంచెం మారింది, లేదా పోయినవాడి మీద జాలి. జెండా పడగానే జీపు కుడివైపుకు లాగేసి సున్నపు గీత దాటింది. తప్పు తనది కాదని ఆమెకు వెంటనే తెలిసింది. మంగల్ స్ప్రింగులు, టైర్లలో గాలి అన్నీ ఇద్దరి బరువుకు సరిచూసి పెట్టాడు. ఒకరి బరువుకు మళ్లీ సర్దిస్తానని రామలింగం అన్నాడు. గంగే వద్దంది. అన్న బిగించినవి విప్పడానికి ఆమెకు చేతులు రాలేదు.

దానికి బదులు గోనెసంచి తీసుకుపోయి మహాలక్ష్మి కాటా మీద పెట్టింది, ఇంద్రావతి ఇసుక పోసుకుంటూ పోయింది. యాభై రెండు చూపించగానే ఆపింది. ఆ ఎత్తు దగ్గర సంచికి ఎర్రదారంతో కుట్టు వేసుకుంది. అప్పటి నుంచి ఏ నది దగ్గరికి పోయినా ఎర్ర కుట్టు దాకా అక్కడి ఇసుక నింపి, మూతి కట్టి, ఎడమ సీట్లో కూర్చోబెట్టి బెల్టు పెడుతుంది. జీపు గీతలా పోతుంది. పందెం అయ్యాక సంచి విప్పి ఇసుకను ఆ నదికే వదిలేస్తుంది. ఖాళీ సంచి మడిచి సీటు కింద పెట్టి ఇంటికి వస్తుంది. వచ్చేటప్పుడు పక్కన ఎవరూ ఉండరు. పోయేటప్పుడూ ఉండరు. ఉండేది ఆ పన్నెండు అంకెల సేపే.

ఈ ఏడాదికి, మూడు వానాకాలాలు తడిసి రాయి మీద రంగు పోయింది. సోమవారం పొద్దున వచ్చి కొత్తగా గీస్తానని హడ్మా కబురు పెట్టాడు. ఆ ముందు రోజు, ఆదివారం, భోపాలపట్నంలో పందెం. గంగే మనసులో ఒకటే ఉంది: ఈసారి బొమ్మలో అన్నను అతని ఎడమ సీట్లో కూర్చోబెట్టాలి. ఒకసారి రంగు వేస్తే మళ్లీ మూడు నాలుగేళ్ల దాకా ఆ రాయిని ఎవరూ ముట్టరు. కానీ అతన్ని ఎడమ సీట్లోకి మార్చమంటే, మరి తోలింది ఎవరని అవ్వ అడుగుతుంది. కప్పులు తుడుచుకునే ఆ మనిషి దగ్గర నుంచి, కొడుకు పోయాక మిగిలిన ఆ ఒక్క మాట కూడా లాక్కోవాలి. హడ్మాకు ముందుగా చెప్పి పోదామని మూడుసార్లు అనుకుంది. మూడుసార్లూ నోరు పెగల్లేదు. ఆదివారం మధ్యాహ్నానికి పందెం అయిపోతుంది, సోమవారం పొద్దెక్కేలోపు వచ్చి అప్పుడు చెప్తానని బయల్దేరింది.

ఆదివారం పొద్దున ఇంద్రావతి ఇసుకలో ఆమె మూడు పందేలు గెలిచింది. చివరిది ఒక్కటే మిగిలింది. బీజాపూర్ నుంచి వచ్చిన ఎర్ర జీపుతో. ఆ జీపువాడు ఉమేష్, గంగే దగ్గరికి వచ్చి సంచి వైపు చూసి నవ్వాడు.

"ఇద్దరితో ఒక్కడు పోటీ. ఇదేం న్యాయం అక్కా?"

గంగే కాళ్ల వైపు చూసుకుంది. తర్వాత, "నువ్వు కూడా ఒకర్ని తెచ్చుకో" అంది. అంత మాట తన నోటి నుంచి వచ్చినందుకు ఆమెకే ఆశ్చర్యం వేసింది.

మధ్యాహ్నం మైకులో చెప్పారు: ఎర్ర జీపు గేరుబాక్సు పోయింది, బాగుచేసుకోవడానికి టైం ఇస్తున్నాం, ఆఖరి పందెం రేపు పొద్దున ఎనిమిది గంటలకు. ఆ వెంటనే రెండు పేర్లు చదివారు. బీజాపూర్ ఉమేష్. ఎర్రబోరు గంగే. నది ఒడ్డంతా ఆ పేరు ఒకసారి తిరిగి వచ్చింది. ఎనిమిదేళ్లుగా వినాలనుకున్నది అదే. ఆమె సీట్లోనే కూర్చుని దాన్ని పూర్తిగా విన్నది. విన్నాక దిగి, పేర్లు రాసే బల్ల దగ్గరికి పోయి, నేను రేపు ఉండను అని చెప్పింది.

మహాలక్ష్మి కొట్టు ముందు నుంచే వెనక్కి తిరిగింది. ఏంది పిల్లా, చేతిలోకి వచ్చినదాన్ని పారేసి పోతున్నవ్ అని ఆవిడ అడ్డం వచ్చింది. రాయి దగ్గర పనుందంది గంగే. ఆవిడ మంచినీళ్ల సీసా నింపి ఇచ్చింది. మద్దేడ్ దాటాక గాని గంగే చూసుకోలేదు, తొందరలో సంచి విప్పడం మరిచిపోయింది. ఇసుక నిండా, బెల్టు పెట్టుకుని, పక్క సీట్లో అలాగే ఉంది.

మూడేళ్లలో మొదటిసారి తిరుగుదారిలో పక్కన బరువుంది. జీపు పాత రోజుల్లో లాగా నిమ్మళంగా పోయింది. మలుపుల దగ్గర సంచి కొంచెం ఇటు ఒరిగి, మళ్లీ సర్దుకునేది. గేరు మార్చాల్సిన చోట డాష్‌బోర్డు మీద చప్పుడు లేదు. బీజాపూర్‌కు ముందు ఒక ఎత్తు దగ్గర ఆమె తనకు తెలియకుండానే వేలితో ఒక దెబ్బ కొట్టింది. ఆ తర్వాత ఎత్తు వచ్చినప్పుడల్లా కొట్టుకుంటూనే పోయింది. గీదంలో తెలిసినవాళ్లింట్లో పడుకుని, తెలవారకముందే మళ్లీ రోడ్డెక్కింది.

ఆమె వచ్చేసరికి ఎండ ఇంకా ముదరలేదు. రాయి తెల్లగా ఉంది. హడ్మా బొగ్గుతో జీపు చట్రం గీసి, చక్రాలు మొదలుపెట్టాడు. లక్కే పక్కనే తువ్వాలు పరుచుకుని కూర్చుంది. గంగే జీపు ఆపి దిగింది. దారంతా కూడబెట్టుకున్న మాటలు నాలుగు ఉన్నాయి. వాటిలో ఏది ముందు చెప్పాలో వెతుక్కుంటూ రాయి దగ్గరికి నడిచింది.

హడ్మా చక్రం గుండ్రంగా వచ్చిందో లేదో చూసుకుంటూ, ముఖం తనకు సరిగా గుర్తులేదని, పోయినసారి లాగే మీసం పెట్టి కళ్లద్దాలు పెడతానని అన్నాడు. బొగ్గు తీసుకుని స్టీరింగు వైపు వంగాడు.

"ఆ సీట్ల కాదు మామా" అంది గంగే. గొంతు ఆమెకే వినిపించలేదు. మళ్లీ చెప్పింది. "దాదా అటు కూర్చునేది. ఎడమ దిక్కు."

హడ్మా ఆగి లక్కే వైపు చూశాడు. గంగే నేల వైపు చూసింది.

"అట్లనే గియ్యి" అంది అవ్వ.

గంగే తలెత్తింది.

"నాకు తెల్వదా" అంది లక్కే, కూతురితో కాదు, రాయితో అన్నట్టు. "పందేల నుంచి రాంగనే ఇద్దరి చెప్పులు గుమ్మం ముంగట ఉండేటియి. నీ కుడి చెప్పు ముందర అరిగేది. రెండు నెలలకొక జత. వాని చెప్పులు రెండూ మడమల కాడ అరిగేటియి, నేలకు తన్నిపట్టి కూసున్నోనికి అరిగినట్టు. తోలేటోడెవడో చెప్పులే చెప్పినయి."

"మరి నా కొడుకు తోలిండు అని నువ్వే అందరికీ..." అంది గంగే.

"ఆడపిల్ల మగోళ్లతో పందేలకు పోతదంటే ఊరు ఊకుంటదా? నిన్ను పోనియ్యనీకె అట్ల చెప్పిన. వాడు పోయినంక, నువ్వు చెప్తవేమోనని చూసిన. నువ్వు చెప్పకపోతివి. నాకోసం చెప్తలేవని తెలిసి నేనూ ఊకున్న."

హడ్మాకు ఇదంతా అక్కర్లేదు. అతని చిక్కు వేరే. మంగల్‌ను ఎడమ సీట్లో పెడితే స్టీరింగు ముందు ఎవరిని పెట్టాలి? గంగేను పెట్టడానికి లేదు. బతికున్న మనిషిని రాయి మీద గీయకూడదు, గీస్తే పిలిచినట్టే. అట్లాగని తోలేవాళ్లు లేకుండా జీపు ఎట్లా పోతుంది, చూసినవాళ్లు తన పనిని నవ్వరా అన్నాడు.

"నవ్వనీ" అంది లక్కే. "ఆ చోటు దీనిది. ఖాళీగ ఉండనీ. చానా ఏండ్లు ఖాళీగ ఉండనీ."

హడ్మా బొగ్గు ఎడమవైపుకు జరిపాడు. మీసం వద్దంది గంగే. కళ్లద్దాలు వద్దంది. కళ్లు మూసుకుని ఉండాలంది. నిద్రపోతున్నట్టు ఉంటాడు కదా అని హడ్మా గొణిగాడు గానీ, అట్లాగే గీశాడు. ఒక వేలు డాష్‌బోర్డు మీద ఉంచాడు.

రంగు ఆరేలోపు లక్కే లేచి జీపు దగ్గరికి పోయింది. సంచి మీద చెయ్యి వేసి ఎంతుంటదని అడిగింది. యాభై రెండు కిలోలని చెప్పింది గంగే. లక్కే ఆ చెయ్యి తియ్యలేదు.

"చివర్ల వాడు అంత లేడు" అంది.

ఇద్దరూ కలిసి సంచి దించి, మూతి విప్పి, ఇంద్రావతి ఇసుకను రాయి మొదట్లో పోశారు.

ఇప్పుడు ఆ హైవే మీద పోయే బస్సుల్లో జనం కిటికీల నుంచి తల బయటపెట్టి ఆ రాయిని చూపించుకుంటున్నారు. స్టీరింగు ముందు ఎవరూ లేరు, పక్కన చచ్చిపోయినవాడు కళ్లు మూసుకుని కూర్చున్నాడు, జీపు మాత్రం పోతోంది. మేం ముందే చెప్పలేదా, దాన్ని వాడే తోలుతున్నాడు అంటున్నారు. భోపాలపట్నంలో ఆఖరి పందెం వదిలేసి పోయింది కూడా అన్న వద్దన్నందుకేనంట. మాట ఇంకా పెరుగుతోంది. గంగే ఎప్పటి లాగే బదులు చెప్పడం లేదు.

మంగల్‌కు జీపు తోలడం రాదు. బతికున్నన్నాళ్లూ సైకిలు తొక్కడం కూడా రాలేదు.